బిళ్ళ మీద అర మిల్లీమీటరు రంధ్రం: ఫార్మసీ విద్యార్థులకి ఇచ్చిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, ఫార్మాస్యూటిక్స్ మేడం గారికి, భోజనం ముందు పీరియడ్ అయినా హాలు నిండా కూర్చున్న మీ అందరికీ థాంక్స్. వెనక బెంచీల వాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుగుతా.

నాకిచ్చిన టాపిక్ కంట్రోల్డ్ రిలీజ్, అంటే మందు ఒంట్లోకి ఒక లెక్క ప్రకారం మెల్లగా వచ్చేలా చేయడం, చాలా పెద్దది. మ్యాట్రిక్స్ టాబ్లెట్లు, పెల్లెట్లు, ప్యాచ్‌లు అన్నీ దాని కిందకే వస్తాయి, అవన్నీ మీ సిలబస్‌లో ఉన్నాయి, మేడం చెప్తారు కూడా. నేను మాత్రం ఈ గంటా ఒక్క రంధ్రం గురించే మాట్లాడతా. బిళ్ళకి ఒక పక్క లేజర్‌తో వేసే రంధ్రం, సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది, కొంచెం అటూ ఇటూ. బీపీ మందు ప్రాజోసిన్ తెలుసు కదా, మినీప్రెస్ ఎక్స్‌ఎల్ అని, కిడ్నీ పేషంట్ల ఇళ్ళల్లో, డయాలసిస్ సెంటర్ల పక్కన మెడికల్ షాపుల్లో రోజూ కనపడే మందు, అది ఇలాంటి బిళ్ళే. మందు అమ్మేవాళ్ళలో, మింగేవాళ్ళలో ఆ రంధ్రం సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. నాకు బాధగా ఉండేది అదే, ఎందుకంటే అది తెలియకుండా ఆ బిళ్ళని చేతిలో పెట్టడం మంచిది కాదు.

ముందు ఈ గోల ఎందుకొచ్చిందో చెప్తా. నిఫెడిపిన్ తీసుకోండి. బీపీకి, గుండె నొప్పికి మంచి మందు. మొదట్లో అది మెత్తటి క్యాప్సూల్‌లో ద్రవంగా వచ్చేది, మింగిన కాసేపటికే రక్తంలోకి ఒక్కసారిగా ఎక్కేసేది, బీపీ దభాలున పడిపోయేది, మొహం ఎర్రబడేది, గుండె దడదడలాడేది, మళ్ళీ నాలుగైదు గంటలకి మందు దిగిపోయి బీపీ పైకి లేచేది, రోజుకి మూడు సార్లు ఇదే వరస. పైగా బీపీ బాగా ఎక్కువుందంటే ఆ క్యాప్సూల్‌ని కొరికి నాలిక కింద పెట్టుకోమనే అలవాటు ఒకటి ప్రపంచమంతా పాకింది. దానివల్ల కొంతమందికి బీపీ మరీ పడిపోయి గుండెపోటు, పక్షవాతం దాకా వెళ్ళింది. చివరికి 1996లో అమెరికా మెడికల్ అసోసియేషన్ వాళ్ళ జర్నల్‌లో, ఈ పద్ధతి ఇక ఆపాలి అని డాక్టర్లు గట్టిగానే రాశారు.

అదే మాలిక్యూల్ 1989లో అమెరికాలో ప్రొకార్డియా ఎక్స్‌ఎల్ అనే పేరుతో ఫైజర్ నుంచి వచ్చింది, ఈ రంధ్రం ఉన్న రకం, రోజుకి ఒకటే బిళ్ళ. రక్తంలో మందు మెల్లగా పెరిగి, ఆరు గంటలకల్లా ఒక మట్టానికి చేరి, 24 గంటలూ దాదాపు అక్కడే నిలబడుతుంది. మాలిక్యూల్‌లో ఒక్క పరమాణువు కూడా మార్చలేదు, మార్చింది బిళ్ళ కట్టిన తీరు ఒక్కటే. ఫార్మాస్యూటిక్స్ అంటే ఎక్సిపియెంట్ల, అంటే మందుతో కలిపే ఇతర పదార్థాల లిస్టు బట్టీ పట్టడం అనుకునేవాళ్ళు మీలో ఉంటే ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకోండి చాలు, ఒకే మందు ఒక రూపంలో ప్రమాదం, ఇంకో రూపంలో ఎంతోమంది రోజూ వాడుకునే మందు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మీ ఇళ్ళల్లో మాగాయ పెట్టడం చూసే ఉంటారు. మామిడి ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకి ఊట ఊరుతుంది, చుక్క నీళ్ళు కూడా మనం పోయలేదు, ముక్కలోంచి ఉప్పు ఎక్కువున్న వైపుకి నీళ్ళు వచ్చాయి. అదే ఆస్మాసిస్. ఉప్పు పక్కకి నీళ్ళు లాగే ఆ బలం ఎంతుంటుందో మామూలుగా ఊహకి అందదు. 37 డిగ్రీల దగ్గర, ఇక కరగనంతగా ఉప్పు కరిగిన నీళ్ళ ఆస్మాటిక్ ప్రెషర్ 356 అట్మాస్ఫియర్లు. పొటాషియం క్లోరైడ్‌కి 245, పంచదారకి 150, మానిటాల్‌కి 38. మన ఒంట్లో ద్రవాలది 7, 8 మధ్య ఉంటుంది. అంటే కడుపులోకి వెళ్ళిన బిళ్ళ లోపల ఉప్పు ఉండి, చుట్టూ నీళ్ళు మాత్రమే దూరగలిగే పొర ఉంటే, నీళ్ళు లోపలికి రావడం ఎవరూ ఆపలేరు.

ఈ బలాన్ని పంపుగా వాడొచ్చని మొదట చేసి చూపించింది ఆస్ట్రేలియాలో రోజ్, నెల్సన్ అనే ఇద్దరు, 1955లో. వాళ్ళది మూడు గదులున్న పరికరం, మనుషులు మింగే బిళ్ళ కాదు. దాన్ని చిన్నది చేసుకుంటూ వచ్చిన పని ఎక్కువగా అల్జా కంపెనీలో జరిగింది. అలెహాండ్రో జఫరోనీ అని ఉరుగ్వేలో పుట్టిన శాస్త్రవేత్త 1968లో కాలిఫోర్నియాలో ఆ కంపెనీ పెట్టాడు, మందు కనిపెట్టడం కాదు, ఉన్న మందుని ఒంట్లోకి సరిగ్గా పంపడమే మా పని అని మొదలుపెట్టిన కంపెనీ అది. అక్కడ ఫెలిక్స్ థీవ్స్ 1975లో ఎలిమెంటరీ ఆస్మాటిక్ పంప్ అని పేపర్ వేశాడు. మీ పుస్తకాల్లో ఆ బొమ్మ ఉంటుంది, గుండ్రటి బిళ్ళ, చుట్టూ గీత, పైన చిన్న గొట్టంలాగా ఒక దారి. ఆయన గదులు, డయాఫ్రమ్‌లు అన్నీ తీసిపారేశాడు. మామూలు టాబ్లెట్ ప్రెస్‌లో కొట్టిన కోర్, అంటే మందున్న లోపలి బిళ్ళ, దాని మీద నీళ్ళని మాత్రం దూరనిచ్చే సెల్యులోజ్ అసిటేట్ కోటింగ్, ఆ కోటింగ్‌కి ఒక రంధ్రం, అంతే. ఇంతకన్నా సింపుల్ పంపు ఇంకోటి నాకు తెలియదు, కదిలే పార్టు ఒక్కటీ లేదు.

ఆ పేపర్‌లో ఒక సమీకరణం ఉంది, అది మీకు పరీక్షలో వస్తుంది కాబట్టి అందరికీ నోటికి వచ్చే ఉంటుంది, కానీ దాన్ని ఒకసారి చదవండి, అప్పజెప్పడం కాదు, చదవండి. మందు బయటికొచ్చే రేటు దేని మీద ఆధారపడుతుంది? పొర వైశాల్యం, పొర మందం, పొరలోంచి నీళ్ళు ఎంత సులువుగా దూరతాయి, లోపలికీ బయటికీ ఆస్మాటిక్ ప్రెషర్ తేడా, లోపల కరిగిన మందు గాఢత. ఐదు సంగతులు. ఇందులో రంధ్రం సైజు ఎక్కడుంది? లేదు! చాలామంది విద్యార్థులు, ఇండస్ట్రీలో పదేళ్ళు చేసినవాళ్ళు కూడా కొందరు, రంధ్రం చిన్నది చేస్తే మందు మెల్లగా వస్తుంది, పెద్దది చేస్తే గబగబా వస్తుంది అనుకుంటారు, కుళాయి తిప్పినట్టు. కాదండి. స్పీడు నిర్ణయించేది పొర. పొరలోంచి గంటకి ఎన్ని మైక్రోలీటర్ల నీళ్ళు లోపలికొస్తే అంత ద్రావణం బయటికి పోవాలి, రంధ్రం ఆ పోయే దారి మాత్రమే.

మరి దారి మాత్రమే అయితే సైజు ఎంతున్నా ఫర్వాలేదా అంటే, అదీ కాదు. ఒక పై హద్దు, ఒక కింది హద్దు ఉన్నాయి. మరీ పెద్దదైతే పంపు సంబంధం లేకుండానే మందు దానంతటది డిఫ్యూజన్‌తో బయటికి జారిపోతుంది, బయట ద్రవం లోపలికి వస్తుంది, పేగు కదలికని బట్టి, తిన్న తిండిని బట్టి రిలీజ్ మారిపోవడం మొదలవుతుంది. మరీ చిన్నదైతే లోపల ప్రెషర్ పెరిగిపోయి పొర ఉబ్బుతుంది, లెక్క తప్పుతుంది, ఇంకా బిగిస్తే చిట్లుతుంది. ఈ రెండు హద్దుల మధ్య ఎక్కడున్నా రిలీజ్ ఒకేలా ఉంటుంది, మామూలుగా పావు మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు లోపల పెట్టుకుంటారు, ఫార్ములాని బట్టి. మంచి డిజైన్ అంటే హోల్ సైజు కాస్త అటూ ఇటూ అయినా, ఏ గంటకి ఎంత మందు వచ్చిందో చూపే కర్వ్ కదలకూడదు. మీరు రేపు ఫార్ములేషన్‌లో చేరి, హోల్ 0.5 నుంచి 0.6 మిల్లీమీటర్లకి మారితే డిసొల్యూషన్, అంటే పరీక్ష జార్‌లో మందు బయటికొచ్చే తీరు, మారిపోతోందంటే, అప్పుడు లేజర్ వాడిని తిట్టకండి, మీ కోర్‌లోనో కోటింగ్‌లోనో తేడా ఉంది, అక్కడ వెతకండి.

నిఫెడిపిన్ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. థీవ్స్ పంపులో మందు నీళ్ళలో కరగాలి, ఆయన పరీక్షించింది పొటాషియం క్లోరైడ్‌తో, అది హాయిగా కరుగుతుంది. నిఫెడిపిన్ నీళ్ళలో కరగనే కరగదు, రాయిలా కూర్చుంటుంది. దానికి పుష్‌పుల్ అని రెండు పొరల కోర్ చేశారు. పై పొరలో మందు, తక్కువ మాలిక్యులార్ వెయిట్ ఉన్న పాలిఇథిలీన్ ఆక్సైడ్ అనే పాలిమర్, కింది పొరలో 50 లక్షల పైన మాలిక్యులార్ వెయిట్ ఉన్న పాలిఇథిలీన్ ఆక్సైడ్, ఉప్పు, కొంచెం ఎర్ర ఐరన్ ఆక్సైడ్ రంగు. నీళ్ళు రాగానే పై పొర జావగా మారుతుంది, కింది పొర ఉబ్బి ఉబ్బి ఆ జావని రంధ్రంలోంచి బయటికి నెడుతుంది. మందు కరగక్కర్లేదు, పొడి పొడిగా జావలో తేలుతూ బయటికొస్తే చాలు.

ఇది డిసొల్యూషన్ జార్‌లో ఒక్కసారైనా దగ్గర కూర్చుని చూడండి. చాలామంది శాంపిల్ తీసే టైముకి వచ్చి, సిరంజితో లాగేసి వెళ్ళిపోతారు. మొదటి గంట, గంటన్నర ఏమీ జరగదు, బిళ్ళ అలాగే పడుంటుంది, కొత్తగా చేరిన అనలిస్టులు కంగారు పడేది అప్పుడే. తర్వాత రంధ్రం దగ్గర పసుపు రంగు మొటిమలాగా ఒకటి లేస్తుంది, నిఫెడిపిన్ పసుపే కదా. అది సాగి సన్నటి దారమై నీళ్ళలోకి వంగి, కొసన విడిపోతూ ఉంటుంది. గంటలు గంటలు అదే మందం, అదే తీరు. 16, 18 గంటలు దాటాక చూస్తే పారదర్శకమైన పొర లోపల పసుపు మొత్తం తగ్గిపోయి, కింది ఎర్ర పొర పైదాకా ఉబ్బి వచ్చి ఉంటుంది. గదిలో లైటు తగ్గించుకోండి, నిఫెడిపిన్ వెలుతురుకి పాడవుతుంది, అది వేరే గొడవ.

ఇప్పుడు లేజర్ దగ్గరికొద్దాం. రంధ్రం వేయడానికి లేజరే ఎందుకు, చిన్న డ్రిల్ బిట్ చాలదా? ల్యాబ్‌లో యాభై బిళ్ళలకి చాలు. లక్షల బిళ్ళల బ్యాచ్‌కి ఎవరు కూర్చుంటారు. పైగా బిట్ అరిగే కొద్దీ రంధ్రం మారుతుంది, పొర అంచులు పెచ్చులూడతాయి, బిళ్ళ మీద ఒత్తిడి పడుతుంది. లేజర్ బిళ్ళని ముట్టుకోదు. ఇక్కడ వాడేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ లేజర్, 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం, కంటికి కనపడదు. సెల్యులోజ్ అసిటేట్ లాంటి పాలిమర్‌లు ఆ కిరణాన్ని బాగా పీల్చుకుంటాయి, పీల్చుకుని ఆ చుక్కలో ఉన్నది ఉన్నట్టు ఆవిరైపోతుంది. కొన్ని మిల్లీసెకండ్ల పని. ఈ లేజర్ కనిపెట్టింది మనవాడే, మహారాష్ట్రలో బారామతిలో పుట్టి, పుణె ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన సి. కుమార్ పటేల్, 1964లో. స్టీలు కోసే మిషన్లలో ఉన్నదీ, ఆపరేషన్ థియేటర్లలో ఉన్నదీ, బిళ్ళకి బెజ్జం వేసేదీ ఆయన లేజరే. ఈ పేరు మన ఫార్మసీ పుస్తకాల్లో కనపడదు, కనపడాలి అని నా ఉద్దేశం.

కష్టం ఎక్కడంటే, బిళ్ళ ఆగదు. ఆపి ఒక్కోదానికి రంధ్రం వేస్తే ఫ్యాక్టరీ నడవదు. బిళ్ళలు బెల్టు మీదో చక్రం మీదో పరిగెడుతుంటే, కిరణం కూడా బిళ్ళతో పాటు కదలాలి, లేకపోతే గుండ్రం బదులు సాగిన గీత పడుతుంది. 1970ల చివర్లో అల్జా వాళ్ళు తీసుకున్న పేటెంట్లు చదివితే సగం గొడవ ఇదే ఉంటుంది, కదిలే బిళ్ళని అద్దంతో కిరణం ఎలా వెంబడించాలి, వెలుగు పడే టైము ఎంతుండాలి అని. ఇప్పుడు కిరణాన్ని గబగబా తిప్పే గాల్వో అద్దాలు, కెమెరాలు, కంప్యూటర్లు వచ్చి అది తేలికైంది, గంటకి పదివేలల్లో బిళ్ళలు డ్రిల్ చేసే మిషన్లు దొరుకుతున్నాయి.

రెండో కష్టం, ఏ వైపు? ఎలిమెంటరీ పంపుకి ఎటు వేసినా ఫర్వాలేదు. పుష్‌పుల్‌కి మందున్న వైపే వేయాలి. పొరపాటున ఉబ్బే పొర వైపు పడిందంటే ఆ పాలిమర్ బయటికొచ్చేస్తుంది, మందు లోపలే ఉండిపోతుంది. ఇందాక చెప్పిన ఎర్ర ఐరన్ ఆక్సైడ్ అందంకోసం కాదు, ఇందుకు. సెల్యులోజ్ అసిటేట్ పొర పారదర్శకంగా ఉంటుంది, దాని లోపలి రంగుని సెన్సర్ చూసి, ఎరుపు కిందుందా పైనుందా తేల్చుకుని, లేజర్‌కి చెప్తుంది. అందుకే కలర్ కోటు ముందే వేసేస్తే సెన్సర్‌కి ఏమీ కనపడదు, ముందు డ్రిల్లింగ్, తర్వాత కలర్ కోటింగ్. ఆ కలర్ రంధ్రం మీద పడ్డా ఫర్వాలేదు, నీళ్ళు తగలగానే కరిగిపోతుంది. మరికొందరు రెండు వైపులా రంధ్రం వేసి ఈ తలనొప్పి తప్పించుకుంటారు, కానీ అది అన్ని ఫార్ములాలకీ కుదరదు.

డ్రిల్లింగ్‌కి ముందు డ్రైయింగ్ సంగతి కూడా చెప్పాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. సెల్యులోజ్ అసిటేట్‌ని అసిటోన్, కొంచెం నీళ్ళు, పాలిఇథిలీన్ గ్లైకాల్‌తో కలిపి బిళ్ళల మీద స్ప్రే కొడతారు. కోటర్‌లోంచి తీసిన బిళ్ళలో అసిటోన్ ఇంకా ఉంటుంది, దాన్ని ఓవెన్‌లో మెల్లగా ఎండబెట్టాలి. సరిగ్గా ఎండకపోతే పొర ఇవాళ ఒకలా, వచ్చే నెల ఒకలా నీళ్ళని దూరనిస్తుంది, అసలు స్పీడు నిర్ణయించేది పొరే అన్నాం కదా. డిసొల్యూషన్ ఫెయిలైన బ్యాచ్‌లో అందరూ మైక్రోస్కోప్ పట్టుకుని హోల్ వైపు పరిగెడతారు, ముందు కోటింగ్ వెయిట్ గెయిన్, అంటే కోటింగ్‌తో బిళ్ళ బరువు ఎంత పెరిగిందో, డ్రైయింగ్ రికార్డు చూడండి అని నేను ఎప్పుడూ చెప్తా.

అలాగని హోల్‌ని వదిలేయమని కాదు. మైక్రోస్కోప్ కింద పెట్టండి. మంచి రంధ్రం గుండ్రంగా, అంచు కొద్దిగా కరిగి గట్టిపడి చిన్న గట్టులా ఉంటుంది, చుట్టూ లేత గోధుమ రంగు వలయం ఉండొచ్చు, అడుగున కోర్ కనపడాలి. వలయం నల్లగా, వెడల్పుగా ఉందంటే పవర్ ఎక్కువైంది, పొర మాడింది. అడుగున ఇంకా మెరిసే పొర కనపడిందంటే పవర్ తక్కువ, రంధ్రం పూర్తి కాలేదు, పైకి రంధ్రంలా కనపడుతుంది కానీ దారి లేదు. నన్నడిగితే అన్నిటికన్నా భయపడాల్సింది దీనికే. రంధ్రం లేని బిళ్ళలోకి నీళ్ళు వెళ్తూనే ఉంటాయి, మందు రాదు, రాదు, రాదు, పేషంట్‌కి ఆ రోజు బీపీ మందు లేనట్టే, లేదా ఎక్కడో పొర చిట్లి మందంతా ఒక్క దెబ్బన బయటపడొచ్చు. అందుకే కెమెరా ప్రతి బిళ్ళనీ చూసి, రంధ్రం లేనిదాన్ని గాలితో పక్కకి ఊదేస్తుంది. ఆ రిజెక్ట్ సిస్టమ్ పనిచేస్తోందా లేదా అని షిఫ్ట్ మొదట్లో, చివర్లో తెలిసి తెలిసి రంధ్రం లేని బిళ్ళలు వదిలి చూస్తారు. మీలో చాలామంది రేపు పాశమైలారంలోనో, బాచుపల్లిలోనో, జడ్చర్లలోనో, ఇటు పరవాడలోనో చేరి క్యూఏలో, అంటే నాణ్యత చూసే విభాగంలో, నైట్ షిఫ్ట్‌లు చేస్తారు. తెల్లారుజామున మూడింటికి ఆ చాలెంజ్ టెస్ట్ చేయకుండా చేసినట్టు సంతకం పెట్టమని ఎవరైనా అంటే పెట్టకండి. నిజంగా చెప్తున్నా, పెట్టకండి. ఆ తర్వాత ఆ బిళ్ళని పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు, మెడికల్ షాపు వాళ్ళకి తెలియదు, డాక్టర్‌కి తెలియదు.

రంధ్రం సరిగ్గా ఉంటే అంతా బాగుంటుందా అంటే, ఆస్మోసిన్ కథ వినాలి. ఇండోమెథసిన్ నొప్పుల మందు, ఆస్మాటిక్ బిళ్ళగా బ్రిటన్‌లో వచ్చింది, 1983లో వెనక్కి తీసుకున్నారు. పేగుల్లో పుండ్లు పడి, చిల్లులు పడిన కేసులు వచ్చాయి, చనిపోయినవాళ్ళూ ఉన్నారు. పంపు చెడిపోలేదు, డిజైన్ ప్రకారం అది పనిచేసింది. కానీ ఇండోమెథసిన్ అసలే కడుపుని తినేసే మందు, దానితో పాటు లోపల పొటాషియం లవణం, ఈ రెండూ గాఢంగా ఒకే రంధ్రంలోంచి వస్తూ ఉంటే, బిళ్ళ పేగులో ఒకచోట ఆనుకుని కూర్చున్నప్పుడు ఆ చోటే మందంతా తగిలింది అని అప్పట్లో చాలామంది అనుకున్నారు. మామూలు బిళ్ళైతే విడిపోయి అంతటా పరుచుకునేది. నా అభిప్రాయం ఏంటంటే, ఏ మందునైనా ఈ పద్ధతిలో పెట్టేముందు రిలీజ్ ప్రొఫైల్ కన్నా ముందు, ఇది గాఢంగా ఒకే చోట తగిలితే ఏమవుతుంది అని అడగాలి. అప్పట్లో అది అడగాల్సినంతగా అడగలేదు.

ఇంకో కథ, మొన్న మొన్నటిది. పిల్లల్లో ఏడీహెచ్‌డీకి, అంటే ధ్యాస ఒకచోట నిలవని ఇబ్బందికి, మిథైల్‌ఫెనిడేట్, కాన్సెర్టా అని 2000లో వచ్చింది. అది క్యాప్సూల్ ఆకారంలో ఉంటుంది, మూడు పొరలు, రెండు మందువి, ఒకటి నెట్టేది, పైన కోటులో కూడా కొంత మందు, పొద్దున మింగగానే కోటులో ఉన్న ఆ మందు, మొత్తంలో 22 శాతం, ముందు పనిచేస్తుంది, తర్వాత సాయంత్రం దాకా మెల్లగా పెరుగుతూ పోతుంది. దానికి జెనరిక్‌లు వచ్చాయి, రంధ్రం లేనివి, వేరే పద్ధతిలో చేసినవి, రూల్స్ ప్రకారం పాసైనవే. కానీ స్కూల్లో మధ్యాహ్నం నుంచి మందు పనిచేయడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. 2014 నవంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రెండు కంపెనీల జెనరిక్‌లని అసలు మందుకి బదులుగా ఇవ్వదగ్గవి అనే జాబితా నుంచి కిందకి దించింది, మింగిన 7 నుంచి 12 గంటల మధ్య మందు తక్కువ వేగంగా అందుతుండొచ్చు అని. నేను జెనరిక్‌లకి వ్యతిరేకిని కాదు, మన హైదరాబాదు బతికేదే జెనరిక్‌ల మీద, ప్రపంచంలో పేదవాడికి మందు అందుతోందంటే వాటివల్లే. కానీ మొత్తం ఎంత మందు వెళ్ళింది, పీక్ ఎంత అని రెండు నంబర్లు సరిపోతే చాలదు, రోజులో ఏ గంటకి ఎంత అన్నది ఈ బిళ్ళల అసలు ఉద్దేశం. జెనరిక్ చేసేవాళ్ళం మనమే కాబట్టి అది మనకే ఎక్కువ తెలిసుండాలి.

చివరిగా కౌంటర్ దగ్గర సంగతి. సగం చేసి వేసుకోమంటే బిళ్ళని కత్తితో కోసేవాళ్ళు, ముక్కులో ట్యూబు ఉన్న పేషంట్‌కి రాయితో నూరి నీళ్ళలో కలిపి పోసేవాళ్ళు, మన ఊళ్ళల్లో ఇది మామూలు. ఆస్మాటిక్ బిళ్ళని నూరడమంటే 24 గంటల మందుని ఒక్క గుక్కలో పోయడం, మళ్ళీ ఆ పాత క్యాప్సూల్ కథే. స్ట్రిప్ ఇస్తూ, మామ్మగారూ దీన్ని కొయ్యకండి, నమలకండి, నూరకండి, అలాగే మింగండి అని ఒక్క మాట చెప్పండి. ఇంకో మాట కూడా చెప్పాలి, విరేచనంలో బిళ్ళ బిళ్ళలాగే కనపడితే కంగారు పడొద్దని. పొర కరగదు, ఖాళీ డొల్ల అలాగే బయటికొచ్చేస్తుంది. ఇది చెప్పకపోతే మందు అరగట్లేదని వాళ్ళంతట వాళ్ళు మానేస్తారు, లేదా ఇంకోటి వేసుకుంటారు. పేగు సన్నబడిన జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం ఈ డొల్ల అడ్డుపడే ప్రమాదం ఉంది, వాళ్ళకి ఇవ్వకూడదు.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా.

లేజర్ వేడికి మందు పాడవదా అంటోంది. మంచి ప్రశ్న. లెక్క వేద్దాం. అర మిల్లీమీటరు వెడల్పు, పొర మందం 150 మైక్రాన్లు అనుకో, ఆవిరయ్యే పొర ఘనపు మిల్లీమీటరులో సుమారు 0.03 వంతు, బరువు ఒక మిల్లీగ్రాములో 25వ వంతు దగ్గర. దాని కింద కోర్‌లో ఒక పల్చటి చుక్క వేడెక్కుతుంది, అదీ మిల్లీసెకండ్లు. కాబట్టి మొత్తం మందులో అది లెక్కలోకి రాదు. అయినా మాటతో వదిలేయరు, డ్రిల్ చేసినవీ చేయనివీ పక్కపక్కన పెట్టి ఇంప్యూరిటీలు చూస్తారు, వేడికి తొందరగా చెడే మందైతే పవర్, పల్స్ తగ్గించుకుంటారు. ఆ ఆవిరిని పీల్చేసే ఎగ్జాస్ట్ కూడా మిషన్‌కి ఉండాలి, లేకపోతే ఆ మసి వచ్చి బిళ్ళల మీదా లెన్స్ మీదా కూర్చుంటుంది, లెన్స్ మసకబారితే పవర్ పడిపోతుంది, రంధ్రం పూర్తికాదు.

వెనకాల బాబు. ఆఁ, కాలేజీ ల్యాబ్‌లో లేజర్ లేదు, ప్రాజెక్ట్ ఎలా చేయాలి అని. చేయొచ్చు. 0.5 మిల్లీమీటరు మైక్రో డ్రిల్ బిట్‌తో చేత్తో వేసుకోండి, ప్రతి రంధ్రాన్నీ మైక్రోస్కోప్‌లో కొలిచి రాసుకోండి. లేదంటే అసలు రంధ్రమే అక్కర్లేని పద్ధతి ఉంది, పొరలో నీళ్ళకి కరిగే పదార్థం ఎక్కువ కలిపితే అది కరిగిపోయి పొరంతా సన్నటి బొక్కలు పడతాయి, కంట్రోల్డ్ పొరాసిటీ పంప్ అంటారు. నీళ్ళలో కరిగే మందులకి అది బాగానే పనిచేస్తుంది, ఖర్చు తక్కువ. పుష్‌పుల్‌కి పనికిరాదు, జావ అంత సన్నటి బొక్కల్లోంచి రాదు. ప్రాజెక్ట్‌కి మాత్రం నా సలహా, మూడు రకాల కోటింగ్ మందాలు, మూడు రకాల హోల్ సైజులు పెట్టి, ఏది మారిస్తే కర్వ్ కదులుతుందో మీరే చూడండి.

ఇంకొక్కటి, ముందు వరసలో అమ్మాయి. విరేచనాలు అవుతున్న పేషంట్‌కి ఏమవుతుంది? చూడండి, ఈ బిళ్ళకి యాసిడ్‌తో, ఎంజైమ్‌తో పెద్దగా పనిలేదు, కడుపులో ఉన్నా పేగులో ఉన్నా నీళ్ళు ఉంటే చాలు, దాదాపు ఒకే రేటు. కానీ టైము కావాలి. 16 గంటల్లో రావాల్సిన మందు, బిళ్ళ ఆరు గంటలకే బయటికెళ్ళిపోతే మిగతాది అందులోనే పోతుంది. అప్పుడు బయటికొచ్చింది ఖాళీ డొల్ల కాదు, సగం నిండిన బిళ్ళ. నాలుగైదు రోజులుగా విరేచనాలున్నా, ఆపరేషన్ చేసి పేగు కొంత తీసేసినా, బీపీ హఠాత్తుగా కంట్రోల్ తప్పిందంటే ఇది ఒక కారణం కావచ్చు. డోసు పెంచే ముందు డాక్టర్ గారికి ఆ విషయం చెప్పి, వేరే ఫారం ఏదైనా ఇవ్వగలరేమో అడగండి. అది అడగాల్సింది ఫార్మసిస్టే.